జాడీలో కలిసిపోయిన మాత్రలు

ఆ ఉదయం ‘సగం డాక్టరు’ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదింటికి పిన్ని వాళ్ళ అపార్టుమెంటుకు వెళ్ళాలి. అక్కడ మోకాళ్ళ నొప్పులున్న పన్నెండు మంది పెద్దవాళ్ళ దగ్గర సీసాలు తీసుకుని, మిగిలిన మాత్రలు లెక్కపెట్టాలి. ఒక అంతస్తు ఎక్కడానికి ఎవరికెంతసేపు పడుతోందో గడియారం పట్టి చూడాలి. సాయంత్రానికి ఆ కాగితాలు గైడు చేతిలో పెడితే మూడేళ్ళ థీసిస్ ఒడ్డున పడుతుంది. అది పూర్తయితేనే డాక్టరమ్మ అంటానని, అందాకా సగమేనని ఆ పేరు పెట్టింది పిన్నే.

ఆరు సీసాల్లో అసలు మందు, ఆరింటిలో ఉత్తుత్తి మాత్రలు. చూడడానికి రెండూ ఒకటే. ఎవరికేది వెళ్ళిందో ఆమెకూ తెలియదు. ఆ రహస్యం గైడు బీరువాలో భద్రంగా ఉంది.

పిన్ని సీసా మూత తీస్తే గుండీలున్నాయి. ఎదురింటావిడ సీసాలో సూదులు. పక్కింటి బాబాయి సీసాలో ఏకంగా ఒక మొక్క పెరుగుతోంది.

“మాత్రలు మానేశారా పిన్నీ?” సగం డాక్టరు అదిరిపడి అడిగింది.

“ఒట్టు, ఒక్కరోజు మానలేదే! అన్నీ మూడో అంతస్తులో మాస్టారింట్లో ఉన్నాయిగా.”

ఆమె పరుగున పైకెక్కింది. వెనకాలే అందరూ ఎక్కారు. ఆ పన్నెండు మందిలో ఒకరైన రిటైర్డ్ హెడ్మాస్టారి బల్లమీద పెద్ద గాజు జాడీ, పక్కన హాజరుపట్టీ ఉన్నాయి.

“సగం మందికి సుద్దబిళ్ళలని నువ్వే చెప్పావు కదమ్మా,” అన్నారు మాస్టారు. “ఒకే మెట్లవరస మీద ఉంటూ ఒకరికి మందు, ఒకరికి సుద్దా? మొదటిరోజే అన్నీ జాడీలో పోయించి కలిపించాను. రోజూ ఎనిమిదింటికి అందరూ ఇక్కడికే రావాలి. తలా ఒకటి నా చేత్తో ఇస్తాను. ఆలస్యంగా వస్తే లేదు. ఇప్పటిదాకా ఒక్క గైర్హాజరు లేదు!”

“ఎంత పద్ధతో చూశావా!” పిన్ని మురిసిపోయింది.

సగం డాక్టరు కింద కూలబడింది. అది చూసి అందరికీ జాలేసింది. మిగిలినవైనా విడదీసి ఇద్దామని ఎదురింటావిడ ఒక మాత్ర నాకి, “చేదుగా ఉంది, ఇది మందే” అంది. బాబాయి అదే మాత్ర నాకి, “చప్పగా ఉంది, సుద్ద” అన్నాడు. తీర్పు కోసం పిన్ని కూడా నాకింది. ఐదు నిమిషాల్లో జాడీ అడుగున మిగిలింది లెక్కకందని పిండి.

గైడుకు ఫోన్ చేయక తప్పలేదు.

“సీసాకు పదేసి మిగిలాయని రాసెయ్. చూడొచ్చేదెవరు?”

“నేను చూశాను కదా సార్.”

“థీసిస్ మునుగుతుందమ్మాయ్!”

“మునిగితే మునగనివ్వండి. జరిగిందే రాస్తాను.” ఏడుపొచ్చింది. దాన్ని మింగేసి గడియారం తీసింది. “మెట్ల పరీక్ష ఇంకా ఉంది. పదండి, అందరూ కిందికి!”

మూడు నెలల క్రితం పిన్ని ఒక అంతస్తు ఎక్కడానికి రెండుసార్లు ఆగేది. ఇవాళ ఆగకుండా ఎక్కేసి, పైనుంచి “ఇంకెవరూ రాలేదే?” అని కేకేసింది. మరో పదిమందీ అలాగే ఎక్కారు. మాస్టారు మాత్రం ఏడో మెట్టు మీద రెయిలింగు పట్టుకుని ఆగిపోయారు.

సగం డాక్టరు కాగితం కేసి చూస్తూ ఉండిపోయింది. అందరూ మింగింది ఒకే జాడీలోవి. లిఫ్టు ఎప్పుడో పాడైంది. పదకొండు మంది రోజూ మెట్లెక్కి మూడో అంతస్తుకు వచ్చారు. పైనే ఉండే మాస్టారు నొప్పి పేరుతో గడప దాటలేదు. ఆమె మళ్ళీ ఫోన్ తీసింది.

“మెట్లు సార్! నొప్పి తగ్గించింది మెట్లనుకుంటా!”

గైడు ఒప్పుకోలేదు. “ఒక్క మనిషిని చూపించి ఏదీ తేల్చలేం. మొదటినుంచి చేయాలి. ఇంకో ఏడాది.”

“ఏడాదైతే ఏడాది. చేస్తాను సార్.”

తర్వాత మాస్టారి పక్కన కూర్చుని జరిగిందంతా ఓపిగ్గా వివరించింది. ఆయన మోకాళ్ళు రుద్దుకుంటూ చివరిదాకా విని, జాడీ వంక చూసి నిట్టూర్చారు.

“అర్థమైందమ్మా. పన్నెండు మందిలో నా ఒక్కడికే రోజూ సుద్ద వచ్చిందన్నమాట.”