అచ్యుత్ కోసం ఒక్కపొద్దు

శనివారం పొద్దున్న ఆరింటికి కార్డిఫ్‌లో బయలుదేరాలి, మధ్యాహ్నానికి కొండ దాటి బ్రెకన్ చేరాలి, ఆదివారం సాయంత్రం అబరిస్ట్‌విత్ సముద్రంలో కాళ్ళు తడుపుకోవాలి. ఇదీ పథకం. డాక్టర్ యజ్ఞనారాయణ హాస్పిటల్ డ్యూటీల రోటా పుణ్యమా అని ఈ సైకిల్ యాత్ర ఎనిమిదేళ్ళుగా వాయిదా పడుతూనే ఉంది. ఇక వాయిదా కుదరదు. తోడు రావలసిన స్నేహితుడు అచ్యుత్ సోమవారం కొత్త ఉద్యోగానికి న్యూకాసిల్ వెళ్ళిపోతున్నాడు.

యజ్ఞనారాయణ మనసులో ఇంకో పథకం కూడా ఉంది. రెండేళ్ళ క్రితం అచ్యుత్‌కి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయినప్పుడు, ఏం మాట్లాడాలో తోచక నాలుగు నెలలు అతని గడప తొక్కలేదు. ఉండేది పక్క వీధిలోనే. అచ్యుత్ ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే యజ్ఞనారాయణను తినేస్తోంది. కొండ మీద ఇద్దరే ఉన్నప్పుడు క్షమాపణ అడిగేయాలనుకున్నాడు.

అయితే అతని భార్య హైమావతి, వేల్స్‌లోని తెలుగు డాక్టర్ల కుటుంబాల వాట్సాప్ గ్రూపులో యాత్ర సంగతి ముందే పెట్టేసింది. దారిలో మెర్తిర్ ఊరు చేరేసరికి ఆండాళమ్మ ఆంటీ రోడ్డు మీదే కాపు కాసి ఉంది.

"సైకిల్ తొక్కేవాళ్ళకి బలం కావద్దూ? ఇంకో రెండు వేసుకోండి బాబూ," అంటూ వేడివేడి పూర్ణాలు వడ్డించింది. యజ్ఞనారాయణ మొహమాటపడుతూనే తొమ్మిది తిన్నాడు.

దాంతో కొండ ఎక్కడం కాస్తా సైకిళ్ళను నెట్టడం అయింది. పైన గొర్రెలు తప్ప ఎవరూ లేరు. "ఒరేయ్ అచ్యుత్, నీకో మాట చెప్పాలి," అని యజ్ఞనారాయణ నోరు తెరిచాడు. మాట కంటే ముందు ఇంత పొడుగు తేన్పు వచ్చింది. అచ్యుత్ పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు ఆగేలోగా హైమావతి ఫోన్.

"ఏమండీ, బ్రెకన్‌లో శివపార్వతి ఆంటీ గుత్తొంకాయ చేసి కూర్చున్నారట. వెళ్ళకపోతే బావుండదు."

బ్రెకన్ చేరాక, అచ్యుత్ సైకిళ్ళు ఆంటీ వాళ్ళ గరాజ్‌లో పెడుతుండగా యజ్ఞనారాయణ లోపలికి వెళ్ళాడు. బల్ల నిండా గిన్నెలు. గుత్తొంకాయ, పులిహోర, బొబ్బట్లు. చూడగానే కడుపులో పూర్ణాలు గోల పెట్టాయి.

"ఇవాళ నాకు శనివారం ఒక్కపొద్దు ఆంటీ. పొద్దున్న పలహారం అయిపోయింది. ఇంక రేపే."

"సైకిల్ తొక్కుతూ ఒక్కపొద్దా! మొక్కేమన్నా ఉందా బాబూ?"

"ఆ... మొక్కే ఆంటీ."

"ఎవరికోసం?"

తన కోసమంటే బావుండదు. హైమావతి కోసమంటే ఆమె చెవిన పడుతుంది. కిటికీలోంచి అచ్యుత్ కనిపించాడు. "అచ్యుత్ కోసం ఆంటీ. వాడు బావుండాలని."

అచ్యుత్‌కేదో పెద్ద జబ్బనుకుని శివపార్వతికి కళ్ళు చెమర్చాయి. ఏం జబ్బని మొహం మీదే అడిగే మనిషి కాదు కాబట్టి అడగకుండా భర్తకు చెప్పి, గ్రూపులో కూడా పెట్టింది. భర్త భానుప్రకాష్ ముప్ఫై ఏళ్ళుగా గుండె డాక్టరు. భార్యాభర్తలు అచ్యుత్‌ని మధ్యలో కూర్చోబెట్టుకుని, యజ్ఞనారాయణ వాటా కూడా అతనికే వడ్డించారు.

"నువ్వు తినవేంట్రా?" అన్నాడు అచ్యుత్.

"ఆయనకి ఒక్కపొద్దు," అంది శివపార్వతి, ఎందుకో చెప్పకుండా.

"నాకు చాలంకుల్, ఇంక పట్టదు."

"తినవయ్యా, మళ్ళీ ఎప్పుడు తింటావో," అన్నాడు భానుప్రకాష్ గద్గదంగా.

అచ్యుత్ బెదిరిపోయి ఇంకో బొబ్బట్టు తిన్నాడు. యజ్ఞనారాయణ మంచినీళ్ళు తాగుతూ తల ఎత్తలేకపోయాడు.

బ్రెకన్ దాటాక వచ్చిన చడావులో సగం ఎక్కి అచ్యుత్ ఛాతీ పట్టుకుని గడ్డిలో కూలబడ్డాడు. ఎందుకైనా మంచిదని కారులో వెనకే వస్తున్న భానుప్రకాష్ దంపతులు పరుగున దిగారు. భానుప్రకాష్ పట్టి చూస్తే, అంత కొండ ఎక్కినవాడి నాడి ఎలా ఉంటుందో అలాగే గబగబా కొట్టుకుంటోంది.

"అది అజీర్తి అంకుల్!" అన్నాడు యజ్ఞనారాయణ.

"మొక్కుకునేంత జబ్బున్నవాణ్ణి కొండెక్కిస్తావా? నువ్వూ ఒక డాక్టరువేనా?" అని కసిరాడు భానుప్రకాష్, అచ్యుత్‌ని హాస్పిటల్‌కి తీసుకెళ్ళడానికి కారెక్కిస్తూ.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ముందు సీట్లో శివపార్వతి కళ్ళు మూసుకుని గోవిందనామాలు చదువుతోంది. దేవుడి పేరు చెప్పి ఆమె వంట తప్పించుకున్నానని ఒప్పుకోవడానికి అతనికి మొహం చెల్లలేదు.

హాస్పిటల్లో ఈసీజీ శుభ్రంగా వచ్చింది. అయినా ఇంకో రక్తపరీక్ష అయ్యేదాకా కదలడానికి వీల్లేదన్నారు. అబరిస్ట్‌విత్ ఆశ అక్కడితో అయిపోయింది. గ్రూపులో అందరూ అచ్యుత్ కోసం ప్రార్థనలు మొదలుపెట్టారు. హైమావతి ఫోన్ చేసి, "ఇంట్లో నాలుగు ఇడ్లీలు తిని, ఇదేం ఒక్కపొద్దండీ?" అంది. యజ్ఞనారాయణ సిగ్నల్ లేదని పెట్టేశాడు.

సాయంత్రం మంచం పక్కన ఇద్దరే మిగిలారు. కావాలనుకున్న ఏకాంతం చివరికి దొరికింది. అతను గొంతు సవరించుకున్నాడు. అచ్యుత్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆంటీ అంతా చెప్పార్రా. నా కోసం మొక్కుకున్నావట కదా?"

"అది కాదురా, నేను..."

"ముందు నన్ను చెప్పనీ. ఉద్యోగం పోయినప్పుడు నువ్వు తొంగి కూడా చూడలేదని రెండేళ్ళు కడుపులో పెట్టుకున్నాను. న్యూకాసిల్ వెళ్ళాక నీతో మాటే వద్దనుకున్నా. ఈ ట్రిప్‌కి వచ్చింది కూడా ఇదే ఆఖరని. నువ్వేమో నాక్కూడా చెప్పకుండా కడుపు మాడ్చుకుంటున్నావు. నీ గురించి ఎంత నీచంగా అనుకున్నాన్రా! నన్ను క్షమించు."

అచ్యుత్ కళ్ళల్లో నీళ్ళు. యజ్ఞనారాయణకు ఏడుపొచ్చింది, అది నిజమైన ఏడుపే. ఇప్పుడు నిజం చెబితే స్నేహితుడు దక్కడు. చెప్పకపోతే ఆ నాలుగు నెలల సంగతి ఇక జన్మలో ఎత్తలేడు.

చివరికి "పర్లేదులేరా" అని, పెద్ద మనసు చేసుకుని అచ్యుత్‌ని క్షమించేశాడు.