బిల్లు లేని పనితనం

ఎల్‌కేజీ సీట్ల కోసం జరిగే రోబో యుద్ధాల్లో వరసగా గెలుస్తున్నందుకు, నూకరత్నం కుడి బొటనవేల్లోంచి కొంత పనితనం తీసుకుపోవడానికి మంగళవారం పొద్దున్నే మునిసిపాలిటీ వ్యాను వచ్చింది. చెత్త బండి వెనకాలే వచ్చింది కాబట్టి వీధిలో ఎవరూ తలెత్తి చూడలేదు. నూకరత్నం ఇడ్లీ రేకులు తోమడం ఆపి, నైటీ మీద చున్నీ వేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

ఊళ్లో మంచి బడి ఒకటే, సీట్లు కాసిన్ని. మొదట్లో లాటరీ తీసేవారు. అందులో రికమండేషన్లు దూరాయని గొడవైతే, ఎత్తేసి ఈ ఆట పెట్టారు. తల్లి ఫోన్లో ఒక ఇనుప రోబోని నడపాలి, ఎదుటి తల్లి రోబోని పడగొట్టాలి. పడగొట్టినామె బిడ్డకి సీటు దగ్గరవుతుంది. ఎప్పుడూ ఒకరే గెలిస్తే మిగతావాళ్లకి ఆట మీద మనసు పోతుంది గనక, గెలిచినవాళ్ల చేతిలోది కాస్త తీసి ఓడినవాళ్ల చేతిలో పెట్టడానికి ఒక శాఖ ఉంది. వ్యాన్లోంచి దిగిన ఆ శాఖాయన్ని అందరూ బేలన్సు సారు అంటారు.

"ఈ వారం నీదే తియ్యమన్నారమ్మా."

"ఏటి సార్ ఇది? నా రోబో ఉత్తినే ఇచ్చిన డొక్కుది. పై వాటా వకుళగారిది చూడండి, రెండు ఫిరంగులు, ఎగరడానికి రెక్కలు. ఆవిడది తగ్గించరా?"

"అవి కొన్నవమ్మా. బిల్లుంది. కొన్నదాన్ని తగ్గిస్తే కోర్టుకెళ్తారు. నీ పనితనానికి బిల్లుందా?"

నూకరత్నం ఆలోచించింది. పాప చంటిదిగా ఉన్నప్పుడు, ఎడం చేత్తో దాన్ని రొమ్ముకి అదుముకుని, కుడి బొటనవేలొక్కదానితో, అది లేస్తుందేమోనని సౌండు తీసేసి నేర్చుకున్న ఆట. దానికెవరూ బిల్లివ్వలేదు.

"లేదు సార్."

"మరింకేటి. చెయ్యి చాపు."

వేయించిన వేరుశనగ పొట్టులా వచ్చేసింది, పలచగా. ఊపిరి తగిలి ఎగిరిపోకుండా సారు దాన్ని స్టీలు డబ్బాలో వేసుకున్నాడు. ఆటలోది మాత్రమే తీశామని చెప్పాడు గానీ, బొటనవేల్లో ఆటకి వేరే గదంటూ ఉండదు. మర్నాడు పోపు మాడింది. పాప జడ పక్కకి పోయింది. చిటికెడు ఉప్పు ఎంతో వేలికి తెలియలేదు.

"ఏటే, సాంబారు సముద్రంలాగుంది?" అన్నాడు మొగుడు గోవింద.

"బేలన్సు సారొచ్చాడు."

"అదా," అని మజ్జిగ పోసుకున్నాడు.

సాయంత్రం వకుళ బొబ్బట్లు పట్టుకుని కిందికొచ్చింది. అంచులు గుండ్రంగా, ఎక్కడా చిరగకుండా ఉన్నాయి. "జన్మలో నాకింత బాగా రాలేదు రత్నం. అచ్చం నీ చెయ్యే," అంది సంతోషంగా. నూకరత్నం రెండు తింది. బాగానే ఉన్నాయి.

శనివారానికి ఒక్క సీటు మిగిలింది, ఇద్దరు తల్లులు మిగిలారు. ఆటలో కూలిన నీళ్ల ట్యాంకు వెనక నక్కి, ఎదుటివాళ్లు తూటాలన్నీ ఖాళీ చేసుకునేదాకా ఆగి మీదపడటం నూకరత్నం కనిపెట్టిన ఎత్తు. ఆ రోజు ట్యాంకు వెనక వకుళ రోబో నక్కి ఉంది. అది ఎప్పుడు లేస్తుందో నూకరత్నానికి ముందే తెలుసు. వేలే ఆలస్యంగా కదిలింది. రోబో పడింది, సీటు వకుళ కొడుక్కి పోయింది.

ఆ మధ్యాహ్నం ఓడినట్టు సంతకం పెట్టించుకోడానికొచ్చిన బేలన్సు సారు, చాప మీద పలకతో ఆడుకుంటున్న పాప జోషితని చూసి ఆగాడు. నాలుగేళ్ల పిల్ల చెయ్యెత్తకుండా ఒక్క చుట్టులో సున్నా గీసింది.

"అమ్మా, ఈ చెయ్యి పెద్దయ్యాక గొడవ తెస్తుంది. ఇప్పుడే తీయించేస్తే, తీయించుకున్న పిల్లల కోటాలో సీటొస్తుంది. ఐదేళ్లలోపు ఉచితం. పక్కన కూర్చునే పిల్లలు కంగారు పడకుండా ఉంటారు."

నూకరత్నానికిది కొత్తేం కాదు. అన్నయ్య పదో తరగతి తప్పిన ఏడాది, తొమ్మిదిలో ఫస్టొచ్చిన తనని నాన్న మాన్పించేశాడు. అప్పుడు వ్యాన్లు లేవు. నాన్నే సైకిలేసుకుని బడికెళ్లి టీసీ తెచ్చేశాడు. ఇంట్లో ఇద్దరూ సమానమయ్యారు.

ఆదివారం అంగన్‌వాడీ ముందు తల్లులంతా పిల్లల్ని ఎత్తుకుని వరసలో నిలబడ్డారు. పోలియో చుక్కల రోజులాగే ఉంది.

"అమ్మా, నొప్పెడతాదా?"

"లేదమ్మా. నాకూ తీశారు. నొప్పెట్టినట్టు గుర్తే లేదు."

తీసినవాళ్లని మళ్లీ తియ్యకుండా జోషిత చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టారు. ఇంటికొచ్చి పిల్ల పలక పట్టుకుంది. సున్నా మొదలుపెట్టిన చోటికి చేరలేదు. చెరిపి గీసింది, మళ్లీ చెరిపింది. నూకరత్నం కాసేపు చూసి, ఇడ్లీకి పప్పు నానబెట్టడానికి లేచింది.

బడి తెరిచాక మొదటి వారమే టీచరమ్మ గేటు దగ్గర పిలిచి చెప్పింది: "మీ పాప ఎంత బుద్ధిమంతురాలండీ! ఎవర్నీ దాటిపోదు."

ఆ మాట నూకరత్నం దారిపొడుగునా మర్చిపోకుండా పట్టుకొచ్చి, గోవిందకి చెప్పింది. తర్వాత నాన్నకి ఫోన్ చేసి కూడా చెప్పింది.

"నీ పోలికేనే," అన్నాడు నాన్న.