ఓడినవారికే మైదానం

కొండకి ఇవతల ఒక పెద్ద అడవి ఉండేది. అందులో జంతువులకంటే సంఘాలు ఎక్కువ. అన్నిటిలోకీ పాతది, పరువు గలది పెద్దల ఫుట్‌బాల్ క్లబ్బు.

వానలు వెనకబట్టగానే ఆ క్లబ్బు ఏటా ఒక బడితో మ్యాచి ఆడేది. ఒక ఏడు ఉడతల బడి, ఇంకో ఏడు జింకపిల్లల బడి. పిల్లల్లో ఉత్సాహం నింపడానికి పెట్టిన ఆనవాయితీ అట అది. నలభై ఏళ్ళలో ఒక్క బడీ గెలవలేదు. ఉత్సాహం ఎవరిలో నిండిందో మరి.

అయినా బడులన్నీ తమ వంతు కోసం కాచుకుని ఉండేవి. ఎందుకంటే క్లబ్బు పుస్తకంలో ఒక రూలుంది. మ్యాచిలో ఓడినవారికి ఏడాదిపాటు చెట్ల కింది మైదానం ఇవ్వాలి. 'ఓడిన బడికి' అని విడమరిచి రాయాలని ఆ పెద్దలకి తోచలేదు. ఓడేది ఎవరో తెలిసిందే కదా అనుకున్నారు.

ఈసారి వంతు కుందేళ్ళ బడిది. పంతులమ్మ పేరు సుద్దమ్మ. పిల్లల దగ్గర తప్ప నోరు లేచేది కాదు ఆవిడకి. పదిమందిలో మాట్లాడాలంటే చెవులు రెండూ వణికిపోయేవి. ఆవిడ బడి బోడిగుట్ట మీద. చెట్టు లేదు, పొద లేదు. కిందటేడు గద్ద వచ్చి హాజరు పట్టీలోంచి రెండు పేర్లు కొట్టేసింది. ఆ మైదానం దొరికితే అక్కడి కొమ్మల్లోంచి గద్ద రెక్క కిందికి దిగదు. సుద్దమ్మకి కావలసింది అంతే.

అందుకని పొరపాటున కూడా గెలవకుండా మూడు నెలలపాటు లెక్కలు, తెలుగు పక్కన పెట్టి పిల్లలకి ఓడటం నేర్పింది. పరుగెత్తే కాళ్ళకి ఆగడం నేర్పడమంటే మాటలా.

"బంతి నా దగ్గరికొస్తే ఏం చెయ్యాలి టీచర్?" అని అడిగింది చెంగి. గోలు కాసే పిల్ల అది.

"తల వంచుకోవాలి తల్లీ."

"పెద్దాళ్ళు నవ్వుతారేమో."

"నవ్వితే నవ్వనీ. నవ్వేవాళ్ళు మైదానం రాసిస్తారు."

మ్యాచి రోజు రానే వచ్చింది. ఎన్నడూ లేనిది పెద్దపులి దొర కూడా ఆట చూడటానికి వచ్చి రాతి మీద కూర్చున్నాడు.

ఆట మొదలయ్యాక సుద్దమ్మకి ఏదో తేడాగా తోచింది. క్లబ్బు ప్రెసిడెంటు కోరయ్య అడవిపంది. ఏటా బంతిని ఎవరికీ ఇవ్వకుండా మూతితో తోసుకుపోయేవాడు. అలాంటివాడు ఈ రోజు బంతిని మెల్లిగా కుందేలు పిల్ల కాళ్ళ దగ్గరికి జరిపాడు.

"తన్నవే పాపా," అన్నాడు.

కుందేలు పిల్ల నేర్పినట్టే కింద పడిపోయింది. "మీరే తన్నండి తాతా. పెద్దాళ్ళు."

"మొహమాటపడకు. మీ ఇల్లే అనుకో."

"మా ఇంట్లో పెద్దాళ్ళే ముందు తంతారు తాతా."

బంతి నడిమధ్యన ఉండిపోయింది. ఒక సీతాకోకచిలుక దాని మీద వాలి, తీరిగ్గా రెక్కలు ఆరబెట్టుకుని పోయింది. దొర ఆవలించాడు. ఆ పళ్ళు చూసి ముందు వరసవాళ్ళు వెనక వరసలోకి సర్దుకున్నారు.

సగం ఆట అయ్యాక సెక్రటరీ నక్క వచ్చి సుద్దమ్మ పక్కన చతికిలబడ్డాడు.

"చూడమ్మా, దాపరికం ఎందుకు. పిల్లల్ని ఓడించే పెద్దలంటే దొరగారికి గిట్టదట. ఈ ఏడు మేం ఓడిపోదామనుకున్నాం. మీ పిల్లల్ని రెండు గోల్స్ కొట్టమను."

సుద్దమ్మ చెవులు వణికాయి. "మరి మైదానం బాబూ?"

"రూలు రూలేగా. ఓడినవారికే."

"అంటే... పేరూ మీకే, మైదానమూ మీకేనా?"

"నేనా రాసింది రూలు? మా తాత రాశాడు," అని నక్క తోక దులుపుకుని లేచాడు.

సుద్దమ్మ పిల్లల దగ్గరికి వెళ్ళింది. "నేర్పిందేదీ మరిచిపోకండి నాన్నా. ఈసారి పడితే లేవకండి," అంది.

రెండో సగంలో కుందేళ్ళన్నీ ముందే పడుకున్నాయి. కోరయ్య చూసి చూసి విసిగిపోయాడు. ఇలా కాదని, బంతిని తన సొంత గోలు వైపు తిప్పి ఒక్క తన్ను తన్నాడు.

ఆ గోల్లో ఎలుగుబంటి నిద్రపోతున్నాడు. ఎలాగూ నిద్రపోయేవాడే కదా అని ఓడిపోయే సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. బంతి వచ్చి పొట్టకి తగిలింది. ఎలుగు కళ్ళు తెరిచాడు. ముప్పై ఏళ్ళుగా గోలు కాస్తున్నా బంతిని ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు పాపం.

"వచ్చింది, నా దగ్గరికి వచ్చింది," అంటూ మురిసిపోయి, ఉన్న బలమంతా పెట్టి ఒక్క తాపు తన్నాడు. బంతి కోరయ్య నెత్తి మీదుగా, పడుకున్న పిల్లల మీదుగా మైదానమంతా దాటింది. చెంగి బుద్ధిగా తల వంచుకుంది. గోలు పడింది. ఆటా అయిపోయింది.

నెగ్గినందుకు క్లబ్బులో ఒక్కడి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. దొర రాతి మీంచి దిగి వచ్చాడు.

"ఆ తాపు నాకు నచ్చింది. పిల్లలతో మీకేం ఆట. వచ్చే ఏడు నుంచి మీ క్లబ్బుతో నేనే ఆడతాను," అన్నాడు.

"మా క్లబ్బు నలభై ఏళ్ళుగా ఓడలేదు దొరా," అనేశాడు నక్క, అలవాటు కొద్దీ.

"నేనూ అంతే," అన్నాడు దొర.

మర్నాడు పొద్దున్నే సుద్దమ్మ చెట్ల కింద బడి పెట్టింది. రెండో ఎక్కం చెబుతుండగా క్లబ్బంతా వరసగా వచ్చి నిలబడింది. ఎలుగు ఒక్కడే ఇంకా నవ్వుతున్నాడు.

"సుద్దమ్మగారూ, మాకు ఓడటం చేతకావట్లేదు. నిన్న చూశారుగా," అన్నాడు కోరయ్య. 'గారూ' అనడం అదే మొదలు. "కాస్త నేర్పాలి."

"నేర్పుతాను బాబూ. కానీ అది ఏడాదిలో వచ్చే చదువు కాదు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

సుద్దమ్మ నేల చూపులు చూస్తూనే అంది. "మైదానం మాకు ఎన్నాళ్ళు ఉంటే అన్నాళ్ళు నేర్పుతాను."

నక్క ఏదో అనబోయాడు. కోరయ్య అతని కాలు తొక్కి, పుస్తకం తెప్పించి, మైదానం ఎప్పటికీ బడిదే అని రాసి వేలిముద్ర వేశాడు. తరవాత పెద్దలంతా పిల్లల వెనక చోటు చూసుకుని కూర్చున్నారు.

వినేవాళ్ళకి ఒక్క మాట: ఓడిపోయేవాళ్ళని చూసి నవ్వకండి, రేపు పులి ఆటకొస్తే వాళ్ళ దగ్గరే ట్యూషను పెట్టించుకోవాలి.