ఎర్ర చుక్క మీద విచారణ

వెలుతురు అనేది మా హెమ్లాక్ కౌంటీలో అనుమతి లేకుండా వెలగకూడని పదార్థం. సూర్యుడికి మాత్రం మినహాయింపు ఉంది. ఆయన మా వేట శాఖ పుట్టక ముందు నుంచే వెలుగుతున్నాడు కనుక పాత కాపు కింద వదిలేశారు. (అయినా దుప్పుల సీజనులో ఆయన ఏ రోజు ఎన్నింటికి రావాలో, ఎన్నింటికి పోవాలో అచ్చువేసి పెట్రోలు బంకుల్లో పంచుతారు. ఇంతవరకు ఆయన మీద ఫిర్యాదు రాలేదు.)

ఈ సంగతి తెలియక మా మేనమామ ఆర్వో లేటినెన్ తన తుపాకీకి కొత్త స్కోపు బిగించుకున్నాడు.

స్కోపంటే తుపాకీ మీద ఉండే దుర్భిణి. అందులోంచి చూస్తే అడ్డంగా, నిలువుగా రెండు సన్నటి నల్ల గీతలు కనబడతాయి. అవి కలిసే చోట దుప్పి భుజం ఉంటే పేల్చాలి, లేకపోతే పేల్చకూడదు. వేటంటే ఇంతే. మిగతాదంతా చలి.

మామకు డెబ్బై దాటాయి. కుడి కంట్లో పొర వచ్చింది. దుప్పులేమో మా ఊరి అధికారుల్లాంటివి, పట్టపగలు పని మీద కనబడవు. తెల్లారీ తెల్లారకముందు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి అడవి అంచుకు వస్తాయి. ఆ మసక వేళ నల్ల గీతలు చెట్ల నీడలో కలిసిపోతాయి. పోయిన ఏడాది ఆఖరి రోజు సాయంత్రం చెవి చీలిన ఒక పెద్ద కొమ్ముల దుప్పి మామ కూర్చునే మొద్దుకు ఎదురుగా వచ్చి నిలబడింది. మామ తుపాకీ ఎత్తాడు. చాలాసేపు చూశాడు. దించేశాడు.

"గీత కనపళ్ళేదురా," అన్నాడు నాతో. "ఎక్కడ తగులుద్దో తెలీకుండా పేలిస్తే అది పొట్టలో గుండు పెట్టుకుని అడవంతా తిరిగి తిరిగి చస్తది. అట్టాంటిది మీ అత్త వండినా నా గొంతు దిగదు."

ఆ చలికాలమంతా వాళ్ళింట్లో కొట్లో కొన్న కోడి తిన్నారు. మా ఊళ్ళో అది చావింటి కిందే లెక్క. హెల్మి అత్త మామూలుగా కోప్పడే మనిషి కాదు. అందుకే ఆవిడ మాట మరీ గట్టిగా తగిలింది.

"వచ్చే ఏడు కూడా ఊరికే కూర్చుని వస్తే, ఆ తుపాకీ అటకెక్కుతుంది. నువ్వు కిటికీ పక్కన కుర్చీ ఎక్కుతావు. చూపు లేని మనిషిని అడవికి పంపి నేనిక్కడ గుండె పట్టుకుని కూర్చోలేను."

అందుకని కొత్త స్కోపు. దీంట్లో పక్కనున్న మీట నొక్కితే గీతలు కలిసే చోట గసగస గింజంత ఎర్ర చుక్క వెలుగుతుంది. అది వెనకనుంచి చూసే కంటికి తప్ప ఇంకెవరికీ కనబడదు. గొట్టం దాటి బయటికి రాదు. ఆ చుక్క వెలిగించి వెతికితే జేబులోని తాళంచెవి కూడా దొరకదు. మామ పెరట్లో దాన్ని పెట్టి కంచె గుంజకేసి చూసి, "హెల్మీ, కనపడుతోందే!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. అత్త ఆ రోజు కజ్జికాయల్లాంటి పాస్టీల్లో మాంసం ఎక్కువ కూరింది.

ఇక నియమం. "దుప్పి వేటలో కృత్రిమ కాంతి వాడరాదు." మంచి నియమమే. పూర్వం కొందరు ట్రక్కుల మీద పెద్ద దీపాలు పెట్టుకుని పొలాల్లో తిరిగేవాళ్ళు. ఆ వెలుగుకు దుప్పి బిత్తరపోయి నిలబడిపోతే కాల్చేవాళ్ళు. (వాళ్ళలో కొందరు తరువాత ఈ నియమం రాసిన సంఘంలో చేరారు. అనుభవజ్ఞులు కావాలి కదా.) పక్క కౌంటీలో జంతువు మీద వెలుగు పడకపోతే చాలు, స్కోపు లోపల ఏం వెలిగినా అభ్యంతరం లేదంటారు. వాళ్ళు తొందరపడి ఆలోచించే రకం.

సీజను మొదలయ్యే ముందు రోజు, బడ్ కాంగాస్ సారా దుకాణం ముందర వేట ఇన్‌స్పెక్టరు డేల్ మా బండి ఆపాడు. డేల్‌కు చేప పట్టడం నేర్పింది మా మామే.

"తాతా, ఆ స్కోపు పక్కన మీటేంటి?"

"ఎర్ర చుక్క వెలుగుద్దిరా. కంట్లో పొరొచ్చింది కదా."

డేల్ ముఖం సర్కారు ముఖం అయిపోయింది. "వెలుగుద్దా?"

"వెలక్కపోతే ఎందుకు కొంటానురా, అలంకారానికా?"

"అది కృత్రిమ కాంతో కాదో తేల్చాలి తాతా. అందాకా తుపాకీ మా దగ్గరుంటుంది."

"ఒరే డేలూ, నీకు గాలానికి వానపాము గుచ్చడం చేతకాక ఏడుస్తుంటే ఎవడ్రా గుచ్చింది?"

"నువ్వే తాతా. ఇక్కడొక సంతకం పెట్టు."

అలా మా కౌంటీ చరిత్రలో మొదటిసారి కృత్రిమ కాంతి నిర్ధారణ ఉపసంఘం సమావేశమైంది. అధ్యక్షురాలు లోర్నా ప్రిచర్డ్ గారు. వృత్తిరీత్యా బీమా ఏజెంటు కనుక జరగని ప్రమాదాల మీద ఆవిడకు మంచి పట్టు ఉంది. ఆవిడ ప్రశ్నను సూటిగా పెట్టారు. "చుక్క వేటగాడికి కనబడుతుందా లేదా అన్నది మనకు అనవసరం. దుప్పికి కనబడుతుందా?"

దుప్పిని పిలిపించడం కుదరలేదు. అందుకని బడ్ దుకాణం గోడ మీదున్న దుప్పి తలను విప్పి తెచ్చారు. ఇక్కడ చిన్న చిక్కు వచ్చింది. ఆ తల గోడకెక్కడానికి కారణం మా మామే, కుర్రతనంలో ఆయన కొట్టిన దుప్పి అది. దరఖాస్తుదారు మీద సాక్షికి పాత కక్ష ఉండవచ్చని ఒక సభ్యుడు లేవదీశాడు. చర్చించి, సాక్షి ముఖంలో కక్ష ఏమీ కనబడటం లేదని నమోదు చేసుకున్నారు.

పరీక్ష చీపుళ్ళు పెట్టుకునే గదిలో జరిగింది. ఒక మూల తుపాకీ, చుక్క వెలిగించి. ఎదురు మూల దుప్పి తల. దాని చెంపకు చెంప ఆనించి లోర్నా గారు. (దుప్పి దృష్టితో చూడాలంటే వేరే మార్గం లేదు.) తలుపు వేశారు. కాసేపటికి లోపల్నుంచి కేక వినబడింది. "కనబడుతోంది! ఎర్రగా! దాని కంట్లో!"

దుప్పి గాజు కంట్లో నిజంగానే ఎర్ర వెలుగు ఉంది. తలుపు మీదున్న 'బయటికి దారి' అనే ఎర్ర బోర్డుది. ఆ బోర్డు ఆపి మళ్ళీ చూద్దామన్నాడు డేల్. అది ఆపితే అగ్నిమాపక శాఖ ఒప్పుకోదన్నారు లోర్నా గారు. దుప్పి కంట్లో ఎర్ర వెలుగు పడిన మాట వాస్తవం, అది చుక్కది కాదని రుజువు చేసే మార్గం లేదు. కనుక ఉపసంఘం మధ్యేమార్గంగా ఉత్తర్వు ఇచ్చింది. ఎర్ర చుక్కను ఎండ బాగా ఉన్న వేళ, అంటే పొద్దెక్కిన దగ్గర్నుంచి భోజనాల వేళ దాకా, నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

మామ లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఆ వేళ గీతలే కనపడతాయి. చుక్కెందుకు?"

"అందుకే ప్రమాదం లేదు, లేటినెన్ గారూ."

"ఆ వేళ దుప్పులు పడుకునుంటాయి."

"వాటికీ ఇబ్బంది ఉండదు."

మామ టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. "గీత కనపడకపోతే నేను పేల్చను తల్లీ. పోయినేడు పేల్చలేదు. ఇంకో ఏడు నాకుందో లేదో తెలీదు. దాన్ని ఒక్క దెబ్బకి, నొప్పి తెలీకుండా పడగొట్టాలనే నాకు ఆ చుక్క కావాలి. అంతకుమించి ఇంకేం లేదు."

లోర్నా గారు రాతిమనిషి కాదు. కంటి డాక్టరు కాగితం తెప్పించుకుని, మానవతా దృక్పథంతో, సీజను ఆఖరి రోజు సాయంత్రానికి మాత్రం ప్రత్యేక అనుమతి ఇచ్చారు. తుపాకీ అందాకా వాళ్ళ దగ్గరే ఉంది కనుక మామ రోజూ అడవికి వెళ్ళి మొద్దు మీద ఉత్త చేతులతో కూర్చున్నాడు. వచ్చిన దుప్పులకు ఆయన అలవాటైపోయాడు.

ఆఖరి రోజు సాయంత్రం తుపాకీ చేతికి వచ్చింది. నేను పక్కన కూర్చున్నాను. మంచు సన్నగా రాలుతోంది. పోయినేటి దుప్పే అనుకుంటా, చెవికి అదే పాత చీలిక, అదే చోటికి వచ్చి నిలబడింది. మామ తుపాకీ ఎత్తి మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. బొటనవేలితో గట్టిగా అదిమాడు.

"వెలగట్లేదురా," అన్నాడు గుసగుసగా.

పరీక్ష అయ్యాక ఉపసంఘం చుక్కను ఆపలేదు. సాక్ష్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచాలనే నిబంధన ప్రకారం, చీపుళ్ళ గదిలో దాన్ని వెలుగుతూనే వదిలేసి తాళం వేశారు. గోళీ బిళ్ళంత బ్యాటరీ ఎన్నాళ్ళని వెలుగుతుంది? మా దగ్గర వేరేది లేదు.

దుప్పి మామ వైపు చూసింది. మామ దుప్పి వైపు చూశాడు. తుపాకీ దించేశాడు. అది తాపీగా నడుచుకుంటూ రోడ్డు వైపు వెళ్ళిపోయింది.

తరవాత ధన్‌మని చప్పుడు.

మేం పరిగెత్తాం. లోర్నా గారి కారు రోడ్డుకు అడ్డం తిరిగి ఉంది. ఒక దీపం పగిలింది, రెండోది అడవికేసి వెలుగుతోంది. దుప్పి కాలవలో పడి వెనక కాళ్ళు లేవక కొట్టుకుంటోంది. "దీపాల వెలుగుకి బిత్తరపోయి అలాగే నిలబడిపోయింది," అన్నారు లోర్నా గారు కారు దిగుతూ. (ఆవిడ వేటాడటం లేదు కనుక నేరం కాదు.)

ఫోను చేస్తే డేల్ వచ్చాడు. బండిలోంచి తన తుపాకీ తీశాడు. మామ చూపు దాని స్కోపు మీద ఆగింది. పక్కన మీట. డేల్ దాన్ని టిక్కున నొక్కాడు.

"అదేంట్రా?"

"శాఖ ఇచ్చింది తాతా. మసక వేళ గీతలు కనపడవు కదా. ఎక్కడో తగిల్తే పాపం, నోరులేని జంతువు."

"దుప్పి మీద వెలుగు పడదూ?"

"పడదు తాతా. మన కంటికే కనపడుద్ది."

"బ్యాటరీ అయిపోతే?"

"జేబులో ఎప్పుడూ నాలుగుంటాయి." డేల్ పేల్చాడు, ఒక్క దెబ్బకు అయిపోయింది. దుప్పి కదల్లేదు.

గుద్దిన బండి వాళ్ళదే మాంసం, అది మా కౌంటీ రూలు. "సాసేజీలు చేయిస్తాను," అన్నారు లోర్నా గారు కాస్త తేరుకుని. "మీకూ రెండు పంపిస్తాను లేటినెన్ గారూ. కానీ దీన్ని పైకి తేవడం..."

మామ తుపాకీ నా చేతికిచ్చి కాలవలోకి దిగి, కొమ్ములు ఎక్కడున్నాయో చేత్తో తడుముకోసాగాడు. నేను టార్చి తీశాను. డేల్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దన్నా. సీజను ఇవాళ రాత్రిదాకా ఉంది. దుప్పి మీద వెలుగు వెయ్యకూడదు."