నలుగురు ఫస్టులూ, ఒక బల్లా

మనిషి కనిపెట్టిన గొప్ప వస్తువులు మూడు: నిప్పు, చక్రం, లా కాలేజీవాళ్ళిచ్చే ఫస్ట్ మార్కు అవార్డు. మొదటి రెండూ లేకపోయినా ఎలాగో నెట్టుకొచ్చేవాళ్ళం. చలికి దుప్పట్లున్నాయి, నడవడానికి కాళ్ళున్నాయి. ఆ మూడోది లేకపోతే మన బతుకులు ఏమయ్యేవో తలుచుకుంటేనే గుండె దడ!

ఇప్పుడెందుకీ మాట అంటే, ఈమధ్య కొందరు పెద్దలు ఆ అవార్డులు ఎత్తెయ్యాలంటున్నారు. పిల్లల మధ్య పోటీ ముదిరిపోతోందట. స్నేహాలు చెడుతున్నాయట. అయ్యా, స్నేహం ఎవరికైనా దొరుకుతుంది. ఫస్ట్ మార్కు ఒక్కరికే కదా దొరికేది?

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. లా కాలేజీలో ఒక్కో కోర్సూ అయ్యాక, క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కు ఎవరికొస్తే వాళ్ళకొక సర్టిఫికెట్టు ఇస్తారు. బంగారు రంగు అంచు, గుండ్రటి సీలు, కింద ఎవరికీ అంతుబట్టని సంతకం. ఎనభైమందిలో ఒక్కరికే! అర మార్కు తక్కువై రెండో స్థానంలో ఆగినవాళ్ళకి ఏమిస్తారంటారా? వచ్చే కోర్సు టైమ్ టేబులు ఇస్తారు.

ఇదంతా నీకెలా తెలుసు, నువ్వేమైనా లా వెలగబెట్టావా అని అడగొచ్చు. లేదండీ. నేను చదివింది మామూలు డిగ్రీ, అది కూడా మా ఆవిడ నోట్సు చూసి. అయితే మా మేడ మీద మూడు గదుల్లో ఐదుగురు లా అమ్మాయిలు ఉంటున్నారు. ఆవిడ పోయాక ఇంట్లో గడియారం చప్పుడు మరీ పెద్దగా వినిపిస్తోందని పై గదులు అద్దెకిచ్చాను. ఇప్పుడు గడియారం ఉందన్న సంగతే మర్చిపోయాను.

ఐదుగురిలో నలుగురికి తలో అవార్డూ ఉంది. వాళ్ళ అసలు పేర్లు వాళ్ళమ్మలకే గుర్తుండాలి. మాకు మాత్రం ఒకమ్మాయి కాంట్రాక్టు, ఒకమ్మాయి ఆస్తి, ఇంకొకమ్మాయి సాక్ష్యం, నాలుగో పిల్ల క్రైము. ఐదో అమ్మాయిని అందరూ సెకండ్ అంటారు. ఆ నాలుగు కోర్సుల్లోనూ రెండో స్థానం ఆ పిల్లదే. నాలుగుసార్లూ అర మార్కే! పాపం, మిగతావాళ్ళ గోడలు సీళ్ళతో మెరిసిపోతుంటే ఆ అమ్మాయి గోడకి ఒక మేకు ఉంది. దానికి గొడుగు వేలాడుతుంది.

అవార్డులతో ఒకే కప్పు కింద బతకడం ఎంతటి అదృష్టమో మీకెలా తెలుస్తుంది?

ఒకరోజు కాంట్రాక్టు, "గిన్నెలు నేను తోముతాలెండి బాబాయిగారూ" అంది. తోమలేదు. ఇదేమిటమ్మా అంటే, "నేను ప్రతిపాదించాను. మీరు సరేనని ఎక్కడన్నారు? అంగీకారం లేనిదే ఒప్పందం లేదు కదండీ!" అంది. ఎంత జ్ఞానం! ఇన్నేళ్ళుగా నేను ఏ ఒప్పందం కింద గిన్నెలు తోముతున్నానా అని ఆలోచించుకుంటూ, ఆ పూట గిన్నెలు కూడా నేనే తోమేశాను.

ఫ్రిజ్‌లో ఒక పాలపాకెట్టు ఎవరిదని ఆస్తికీ సాక్ష్యానికీ వాదన వచ్చింది. కొన్నది తనేనని ఆస్తి. కొన్నట్టు చూసినవాళ్ళెవరని సాక్ష్యం. తొమ్మిది రోజులు సాగింది. పాకెట్టు ఉబ్బింది. ఉబ్బిన భాగం మీద హక్కెవరిదన్నది ఇప్పుడు వేరే కేసుగా నడుస్తోంది.

క్రైము చెయ్యి తగిలి మెట్ల దగ్గర బల్బు పగిలింది. "పగలగొట్టాలన్న ఉద్దేశం నాకు లేదు బాబాయిగారూ. ఉద్దేశం లేనిదే నేరం లేదు" అని చెప్పి పైకెళ్ళిపోయింది. మర్నాడు మసకచీకట్లో మెట్టు తప్పి నేను పడ్డాను. దాని వెనక కూడా ఎవరి ఉద్దేశమూ లేదని తేల్చారు. మనసు ఎంత తేలికపడిందనుకున్నారు! మోకాలే ఇంకా ఒప్పుకోవడం లేదు.

పరీక్షల ముందు అందరికీ కావలసిన పుస్తకాన్ని తీసుకెళ్ళి లైబ్రరీలో చేపల పెంపకం అరలో దాచేస్తారట. దీన్ని కూడా తప్పంటారా? లా పిల్లలు చేపల పెంపకం దాకా వెళ్ళి వెతుకుతున్నారంటే చదువు విస్తరించినట్టే కదా!

పెద్ద పెద్ద లా ఆఫీసులవాళ్ళు అవార్డున్న పిల్లల్నే ఇంటర్వ్యూకి పిలుస్తారట. ఎంత సుఖం! మనిషిని చూడక్కర్లేదు, గోడ చూస్తే చాలు. నన్నడిగితే ఈ ఏర్పాటు అన్ని వృత్తుల్లోకీ రావాలి. పళ్ళ డాక్టరు ఎడమ దవడలో ఫస్టని బోర్డు పెట్టుకుంటే, కుడివైపు నొప్పితో వెళ్ళి ఆయన్ని ఇబ్బంది పెట్టం కదా?

సరే, ఇంతకన్నా గట్టి రుజువు ఒకటుంది. మా బల్ల సంగతి.

మా వీధి ఏటవాలు. కింద బస్సు దిగి పైకెక్కి వచ్చేవాళ్ళకి సరిగ్గా మా గేటు దగ్గరికొచ్చేసరికి ఆయాసం మొదలవుతుంది. ఆ సంగతి నలభై ఏళ్ళు ఇక్కడే ఉన్న నేను చూడలేదు. మా ఆవిడ చూసింది. వడ్రంగిని పిలిచి ఒక చెక్క బల్ల చేయించి, ఇనప కాళ్ళు వేయించి, గేటు పక్కన పాతించింది. "ఊపిరి తీసుకోవడానికి మనిషికో చోటుండాలి" అంది. పోస్టమ్మ అక్కడ సంచీ దించుకుంటుంది. బడిపిల్లలు బూట్ల తాళ్ళు కట్టుకుంటారు. చివరి ఏడాది మా ఆవిడ కూడా అక్కడే ఆగేది, ఎడమ చివర. ఇంట్లో ఆమె వస్తువులు చాలా ఉన్నాయి. నలుగురూ వాడుకుంటున్నది మాత్రం అదొక్కటే.

ఆ బల్ల మీదికి మునిసిపాలిటీ నోటీసొచ్చింది. నడకదారికి అడ్డంగా ఉందని ఎవరో ఫిర్యాదు చేశారట. నోటీసు అందిన ఏడు రోజుల్లోగా జవాబివ్వకపోతే తొలగించబడునట. సోమవారం నేను ఇంట్లో లేకపోతే పక్కింటి నర్సమ్మ తీసుకుని, మంగళవారం నా చేతికిచ్చింది.

చదివాక గేటు దాకా వెళ్ళి బల్లని ఒకసారి చూసొచ్చాను. తర్వాత గుర్తొచ్చింది. భయమెందుకు? మేడ మీద నాలుగు అవార్డులుండగా!

నోటీసు చూడగానే నలుగురి మొహాలూ వెలిగిపోయాయి.

"నిజం కేసు బాబాయిగారూ!" అని గంతేసింది క్రైము.

"బల్ల పోతుందేమోనమ్మా..." అన్నాను.

"పోతే ఇంకా మంచిది, నష్టపరిహారం అడగొచ్చు!" అంది కాంట్రాక్టు.

భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. మొట్టమొదట తేల్చవలసింది, ఏడు రోజులంటే ఎన్ని రోజులని. మీరూ నేనూ అయితే వేళ్ళ మీద లెక్కపెట్టేసి తప్పులో కాలేసేవాళ్ళం. అందిన రోజుని కలపకూడదంది ఆస్తి. అసలు అందడమంటే ఏమిటంది కాంట్రాక్టు. నర్సమ్మ చేతికి అందితే బాబాయిగారికి అందినట్టా? అందినట్టు సాక్షి ఎవరంది సాక్ష్యం. నర్సమ్మని పిలిపించి అరగంట ప్రశ్నలేశారు. "నోటీసు తీసుకున్నప్పుడు మీకు కళ్ళజోడు ఉందా?" అని కూడా అడిగారు. ఆవిడ వెళ్తూ వెళ్తూ, "ఇకమీదట మీ ఇంటికి పెళ్ళి శుభలేఖ వచ్చినా నేను ముట్టుకోను" అంది నాతో.

మూడు రోజుల వాదన తర్వాత, గడువు వచ్చే మంగళవారం సాయంత్రం ఐదింటి దాకా ఉందని నలుగురూ ఏకగ్రీవంగా తేల్చారు. అప్పుడు జవాబు రాయడం మొదలుపెట్టారు. నలభై ఒక్క పేజీలు. మనిషికి కూర్చునే హక్కు ఎప్పుడు పుట్టిందో అక్కణ్ణించి ఎత్తుకున్నారు.

ఈ హడావుడి మధ్యలో, బుధవారం అనుకుంటాను, సెకండ్ కిందికొచ్చింది.

"బాబాయిగారూ, టేపుందా?"

"ఎందుకమ్మా?"

"బల్ల కొలుద్దామని."

నవ్వొచ్చింది. కొలవడానికి ఇదేమైనా గుడ్డా? పిల్లని చిన్నబుచ్చడమెందుకని మా ఆవిడ కుట్టు డబ్బాలోంచి టేపు తీసిచ్చాను.

గురువారం మళ్ళీ వచ్చింది. "మునిసిపల్ ఆఫీసుకెళ్ళి అడిగానండీ. తోపుడు బండిలో పాపని తీసుకెళ్ళే ఆవిడ ఫిర్యాదట అది. బల్లకీ కరెంటు స్తంభానికీ మధ్య బండి పట్టక రోడ్డు మీదికి దిగాల్సొస్తోందట. జానెడు వెనక్కి జరిపితే చాలన్నారు."

"అడిగావా? ఎవర్ని?"

"కౌంటర్లో కూర్చున్నాయన్ని."

చూశారా తొందరపాటు! అక్కడ నలుగురు ఫస్టులు నోటీసు చెల్లుతుందో లేదో ఇంకా తేల్చనేలేదు, ఈ పిల్ల వెళ్ళి సంగతేమిటని అడిగేసింది! అర మార్కు ఎక్కడ పోతోందో నాకప్పుడు అర్థమైంది.

నాలుగు లైన్ల ఉత్తరం ముందు పెట్టి సంతకం చెయ్యమంది. పిల్ల మనసు నొప్పించడం ఎందుకని చేసేశాను. చేసి, మర్చిపోయాను. నలభై ఒక్క పేజీలు తయారవుతున్న ఇంట్లో నాలుగు లైన్లు ఎవరికి గుర్తుంటాయి?

మంగళవారం పొద్దున తొమ్మిదింటికే లారీ వచ్చి గేటు ముందు ఆగింది. ముగ్గురు మనుషులు గునపాలతో దిగారు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను. ఎడమ చివర వదిలేసి, దాని పక్కన.

మేడ మీంచి నలుగురూ పరుగెత్తుకొచ్చారు. చేతిలో బైండు చేయించిన జవాబు. సీలొక్కటే తక్కువ.

"ఆగండి! సాయంత్రం ఐదింటి దాకా గడువుంది!" అంది ఆస్తి.

"బల్ల ముట్టుకుంటే క్రిమినల్ కేసు!" అంది క్రైము.

మేస్త్రీ నలుగురినీ చూసి, నన్ను చూసి, జేబులోంచి ఒక కాగితం తీశాడు. "బల్లని జానెడు వెనక్కి జరుపుతాం, కాళ్ళు సిమెంటులో ఉన్నాయి గనక మనుషుల్ని పంపించండి అని మీరే కదండీ రాశారు? తియ్యడానికి కాదు, జరపడానికొచ్చాం. పెద్దాయనా, మీరు కాస్త లేస్తే పనైపోతుంది."

కింద నా సంతకమే. పైన మునిసిపాలిటీ స్టాంపు, గురువారం తేదీ. గోరుతో పోయేదానికి గొడ్డలి నూరుతూ కూర్చున్నాం మేము. ఆ పిల్ల బస్సు పాసు తీసుకుని వెళ్ళి గోరుతోనే తీసేసింది.

లేచాను. సెకండ్ అప్పటికే ఒక కొస పట్టుకుంది. "మీరూ ఓ చెయ్యి వెయ్యండే" అంది. నలుగురూ వేశారు. నిజం చెప్పాలి, బాగా మోశారు. కొత్త చోట నేల సమంగా లేక ఒక కాలు గాల్లో తేలింది. మేస్త్రీ అటూ ఇటూ చూసి, "అమ్మా, ఆ పుస్తకం కాస్త ఇలా ఇవ్వండి" అన్నాడు. నలభై ఒక్క పేజీలు. సరిగ్గా సరిపోయాయి! సిమెంటు ఆరేదాకా బల్ల అంగుళం కదల్లేదు. అవార్డు చదువు వృథా అన్నవాళ్ళెవరో ఇప్పుడొచ్చి మాట్లాడమనండి.

సాయంత్రం ఒకావిడ పాపని తోపుడు బండిలో నెట్టుకుంటూ వచ్చింది. బల్ల పక్కనుంచి సాఫీగా దాటింది. నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి, కూర్చుంది. ఎడమ చివర.

ఆ రాత్రి అట్ట ముక్క ఒకటి తీసుకుని, పసుపు స్కెచ్ పెన్నుతో అంచు గీసి, మందుసీసా మూతతో గుండ్రటి సీలు వేసి, నా చేత్తో రాశాను: 'కోర్సు: బల్ల. ఫస్ట్ మార్కు.' పొద్దున సెకండ్ చేతికిచ్చాను.

చదివి ఫక్కున నవ్వింది. "పరీక్ష రాసింది నేనొక్కదాన్నే కదా బాబాయిగారూ! ఫస్ట్ రాకేం చేస్తుంది?"

"మిగతా నలుగురూ హాల్లోనే ఉన్నారమ్మా. అది పరీక్ష అని గమనించలేదు, అంతే. నేనూ గమనించలేదులే."

పట్టుకెళ్ళి గొడుగు తీసేసి, ఆ మేకుకి తగిలించింది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, అవార్డులు ఎత్తెయ్యకండి. వాటి మహిమ మీకు తెలియదు. ఆ అట్ట ముక్క గోడకెక్కిన ఏడు నిమిషాల్లో నా తలుపు చప్పుడైంది. నలుగురు ఫస్టుల తరఫున ఒకే ఒక్క పేజీ అర్జీ. మార్కులు ఏ పద్ధతిలో వేశారో తెలపాలట, రీవాల్యుయేషన్ జరపాలట, బల్ల మోసినందుకు తలా అర మార్కయినా కలపాలట! గడువు ఎన్ని రోజులని ఎవరూ అడగలేదు. అందిన రోజు కలపాలా వద్దా అన్న మాటే రాలేదు.

ఎక్కడ కూర్చుని రాశారంటారా? ఆ బల్ల మీదే. అర్జీ ఇచ్చి మళ్ళీ వెళ్ళి అక్కడే కూర్చున్నారు. నలుగురూ చక్కగా పట్టారు, ఐదో మనిషికి కూడా చోటుంది. పిలుద్దామని ఇంట్లోకి వెళ్ళాను. సెకండ్ స్టూలెక్కి మెట్ల దగ్గర కొత్త బల్బు పెడుతోంది.