నల్లచొక్కాకు నాలుగు మంచి మాటలు

ప్రతి సంఘానికీ ఒక నియంత ఉండాలి. లేకపోతే వెంటనే కుట్టించుకోవాలి. కుట్టించుకోవడం అని ఎందుకంటున్నానంటే, ఈ వ్యవహారంలో ముందు కావలసింది చొక్కా. అది సిద్ధంగా ఉంటే మనిషి ఎలాగో దొరుకుతాడు.

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. మా మేడమీద గదిలో తన్మయి అనే అమ్మాయి అద్దెకుంటోంది. విజయనగరం నుంచి మలేషియా వచ్చి చరిత్రలో ఎం.ఏ. చదువుతోంది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య బ్రిటన్‌లో ఫాసిస్టులు ఎలా లేచారో, ఎలా పడ్డారో ఒక వ్యాసం రాసింది. దాని ప్రింటవుట్ నా చేతికి చిక్కింది. నేను గ్లవ్స్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు సూపర్‌వైజరుగా చేసినవాణ్ని. ఆ ఫాసిస్టులు ఎక్కడ పొరపాటు చేశారో ఒక్క మధ్యాహ్నంలో పట్టేశాను.

ఆరంభం బాగానే ఉంది. అప్పటికే రెండు మూడు పార్టీలు మారిన ఒక జమీందారుగారు 1932లో ఇటలీ వెళ్లి, అక్కడి పాలన చూసి ముచ్చటపడి, తిరిగొచ్చి తన మనుషులకు నల్లచొక్కాలు తొడిగాడు. ఒక పెద్ద పత్రిక యజమాని శభాష్ అన్నాడు. రెండేళ్లలో యాభై వేల మంది దాకా చేరారట. చలిదేశం, పైగా ఉద్యోగాలు లేని రోజులు. చొక్కా ఇస్తామంటే చేదా?

మలేషియాలోని మా ఊరు బంటింగ్‌లో చలి లేదు. అయినా మా ‘తేనె తెలుగు మిత్రమండలి’ అధ్యక్షుడు మోహన్‌రాజ్ గారు వెనకాడలేదు. నల్ల పాలియెస్టర్ టీషర్టులు తెప్పించారు. మధ్యాహ్నం రెండు గంటల ఎండలో అవి తొడుక్కుని నలభై మందిమి బస్టాండు చుట్టూ భాషా రక్షణ ర్యాలీ చేశాం. ఇద్దరికి కళ్లు తిరిగాయి. త్యాగం లేని ఉద్యమం ఎక్కడైనా ఉందా?

కారణం గొప్పదే. మా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది గానీ నోరు విప్పరు. ఈ పాపం ఎవరిది? తమిళం, మలాయ్ కలిపి మాట్లాడే పెద్దలదని మోహన్‌రాజ్ గారు కనిపెట్టారు. మండలి వాట్సాప్ గ్రూపులో ఇకమీదట శుద్ధ తెలుగు తప్ప వినపడరాదని ఆజ్ఞ వేశారు. ఆ ఆజ్ఞ ఎంత శుద్ధంగా ఉందంటే, పిల్లలకు ఆదివారం తెలుగు క్లాసు చెప్పే టీచరు సుమతి దాన్ని తమిళంలో విడమరిచి చెబితే గానీ సభ్యులకు బోధపడలేదు.

మొదటి దోషి వెంటనే దొరికింది. మా అప్ప కాళియమ్మ. శుద్ధ తెలుగులో అక్క అనాలి కాబోలు, క్షమించండి. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. సుంగై సుమున్‌లో ఎస్టేటు కూలీల లైన్లలో పుట్టి పెరిగింది, చదువు రాదు. రోజూ పొద్దున్నే గ్రూపులో వాయిస్ మెసేజి పెట్టేది: “ఏటర్రా పిల్లలూ, మకాన్ అయిందా లా? ఏటి తిన్నారో సెప్పండి.” మకాన్ అంటే మలాయ్‌లో తిండి, లా అనేది ఇక్కడివాళ్ల ఊతపదం. క్లాసు పిల్లలు పదకొండు మందీ పోటీపడి జవాబిచ్చేవాళ్లు: “అమ్మమ్మా, నాను రోటీ చనాయ్ తిన్నాను!” ఒక్క వాక్యంలో ఇన్ని భాషలా? ఎంత ఘోరం!

“ఇది తెలుగేటి? మన మానం పోతాది లా” అన్నారు మోహన్‌రాజ్ గారు. అధ్యక్షులకు మినహాయింపు ఉంటుంది. అప్పను గ్రూపులోంచి తొలగించారు.

ఇక్కడే మేం బ్రిటన్ వాళ్లను మించిపోయాం. 1934లో లండన్‌లో ఒక పెద్ద హాల్లో వాళ్ల నాయకుడు ప్రసంగిస్తుంటే జనం అడ్డు తగిలారు. నల్లచొక్కాల వాళ్లు వాళ్లను ఈడ్చి చావగొట్టారు. దేశమంతా అసహ్యించుకుంది. ఆ పత్రికాయన మెల్లగా జారుకున్నాడు. ఎంత వృథా ప్రయాస! మా గ్రూపులో ‘అడ్మిన్లు మాత్రమే’ అనే సదుపాయం ఉంది. అది నొక్కాం, అంతే. ఇప్పుడు పొద్దున మోహన్‌రాజ్ గారి సూక్తి, సాయంత్రం మోహన్‌రాజ్ గారి ఫొటో. పిల్లలు తప్పుల తెలుగు మాట్లాడటం పూర్తిగా మానేశారు. ఒప్పుల తెలుగు ఇంకా మొదలుపెట్టలేదు. క్లాసుకు కూడా రావడంలేదు కాబట్టి తొందరేమీ లేదు.

బ్రిటన్ కథ ఎలా ముగిసిందో కూడా చెప్పాలి. 1936లో వాళ్లు తూర్పు లండన్‌లో యూదులుండే పేటల మీదుగా ఊరేగింపు తలపెట్టారు. యూదులు, ఐరిష్ వాళ్లు, రేవు కూలీలు వేలకు వేలు వీధుల్లోకొచ్చి బళ్లూ బల్లలూ అడ్డం పెట్టారు. ఆడవాళ్లు మేడమీది నుంచి చెత్తా, పత్రికలో రాయకూడనివీ కుమ్మరించారు. ఊరేగింపు వెనక్కి మళ్లింది. తర్వాత ప్రభుత్వం రాజకీయ యూనిఫాంలను నిషేధించింది. 1940లో యుద్ధం మధ్య నాయకులను లోపల వేసి, పార్టీనే మూయించారు. జనం సహకరించకపోతే ఇంతే మరి!

మా జనం బంగారం. అప్పను తీసేసిన రోజు అరవై మూడు మందిలో ఒక్కరూ కిక్కురుమనలేదు. నలభై ఒక్క మంది మెచ్చుకోలుగా బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు.

ఇదంతా తన్మయికి వివరించాను. “అంకుల్, నా వ్యాసం చదివితే మీకు ఇదా అర్థమైంది?” అంది. “ఆ రోజు ఆ వీధిలో ఉంటే మీరెక్కడ ఉండేవారు?”

“మేడమీద” అన్నాను.

“ఏం విసిరేవారు?” అంది.

పోయిన వారం సుమతి ఫోన్ చేసింది. “మామా, లింకొకటి పంపినాను. తలైవర్‌కి సెప్పకండి లా.” తలైవర్ అంటే తమిళంలో నాయకుడు, మోహన్‌రాజ్ గారే. లింకు తెరిస్తే అదొక దొంగ గ్రూపు. అందులో సుమతి, పదకొండు మంది పిల్లలు, మా అప్ప. నియమాలు లేవు. కేవలం నిఘా కోసం చేరాను. పిల్లలు కొబ్బరిపాల అన్నం నాసి లెమాక్ తిన్నామని, జ్వరమొచ్చిందని, పిల్లి ఈనిందని మూడు భాషల్లో చెబుతున్నారు. మూడు నెలల తర్వాత వాళ్ల గొంతుల్లో తెలుగు విని నాకు ఏడుపొచ్చింది.

నా ఫొటో చూసి గుర్తుపట్టిందేమో, అంతలో అప్ప గొంతు వినిపించింది. “తమ్ముడా, నువ్వూ వచ్చినావా? ఆ గుంపులోంచి నన్ను తీసీసినోడెవుడ్రా?”

పాఠకులారా, మోహన్‌రాజ్ గారికి ఆజ్ఞాపించడమే వచ్చు, ఫోను నొక్కడం రాదు. రెండో అడ్మిన్‌ని నేను. మా అప్ప పేరు మీద వేలు పెట్టి నొక్కింది నేనే. నల్ల టీషర్టు వేసుకుని మరీ నొక్కాను.

“నానే అప్పా” అన్నాను. పిల్లలంతా విన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. అప్ప నుంచి ఇంకో వాయిస్ మెసేజి వచ్చింది.

“తీసీడం నేర్సినోడివి, ఎట్టడం రాదేటిరా? అక్కడున్నోల్లందర్నీ ఒక్కొక్కల్నీ ఇందులో ఎట్టు.”

పెడుతున్నాను. మోహన్‌రాజ్ గారితో సహా యాభై మందిని చేర్చాను. వచ్చినవాళ్లు వచ్చినట్టు అప్పను పలకరిస్తున్నారు. పాపం ఎవరు తీసేశారు అని ఒక్కరూ అడగడంలేదు. తీసేసినవాడి పేరు ఆ రోజే అందరి ఫోన్లలోనూ కనిపించింది. చదువు రాదు కాబట్టి తెలియనిది మా అప్పకు ఒక్కదానికే.