కంప్యూటర్ సెంటర్‌లో గౌసియా బేగం దండయాత్ర

వేయిస్తంభాల గుడి నీడ తూర్పు దిక్కునకు సాగుచుండగా, మార్కెట్టు నుండి లేచిన మిర్చిఘాటు నగరవాసుల నాసికాపుటములను ఏకకాలమున జయించుచుండగా, పందొమ్మిదివందల ఎనభై ఎనిమిదవ సంవత్సర వసంతమున, ఓరుగల్లు పట్టణపు కోటగడ్డ ఇంజనీరింగ్ కళాశాలలో మహాసంగ్రామమొకటి సంభవించెను. అందు రక్తము చిందలేదు. చెమట మాత్రము ధారాళముగా చిందెను. ఏలయన, కళాశాలలోని ఏకైక ఏ.సి. అద్దాల గదిలో కొలువున్న కంప్యూటర్ మహారాజునకే గాని, వెలుపల ఆయనను సేవించు విద్యార్థులకు లేదు.

ఆ మహారాజు నుండి తీగలు సాగి పలు తెరలకు చేరును. తెరల ముందు కూర్చున్నవారందరి మొరలను ఆ ఒక్క యంత్రమే వంతులవారీగా ఆలకింపవలెను.

అట్టి తెర యొకదాని ముందు ఆసీనురాలైనది ఆర్టీసీ డ్రైవర్ మీరా సాహెబ్ తనయ, మట్టెవాడ వాస్తవ్యురాలు, ఫైనలియర్ విద్యార్థిని గౌసియా బేగం. మేడారం జాతరకు ఏ బస్సు ఎప్పుడు కదలవలెనో లెక్కగట్టు ప్రోగ్రామును నెలల తరబడి నిద్రాహారములు మాని రచించిన ధీరురాలామె. మరునాడే హైదరాబాదు నుండి పరీక్షకుడు వచ్చును. ప్రోగ్రాము నడవనిచో చదువు ఒక ఏడాది వెనుకబడును. సెంటరు తలుపులు సాయంత్రమునకే మూయుదురు. ఆమె ప్రోగ్రామును నడుపుమని ఆజ్ఞాపించి మీట నొక్కెను. తెర నల్లగానే యుండెను. మరల నొక్కెను. ఉలుకు లేదు, పలుకు లేదు.

పక్కతెర ముందు భీమకాయుడగు సహాధ్యాయి ఎల్లస్వామి మీటను సుత్తితో వలె బాదుచుండెను.

“ఏమైందే దీనికి? పొద్దుగాల మంచిగనే ఉండె!”

అతనిని చూచి అందరును బాదిరి. ఆ టకటకారావములకు పైకప్పు ఫ్యాను సైతము చిన్నబోయెను. అప్పుడు గౌసియా దుపట్టా సవరించుకొని, లేచి, సభాసదులనుద్దేశించి ఇట్లు గర్జించెను:

“ఓ అన్నలారా, ఓ అక్కలారా! జర ఆగుండ్రి! జాతరల మా అబ్బ బస్సు దారిల తాడ్వాయి కాడ ఎందుకు ఆగుతది? అందరు ఒక్కపారే ఉరుకుతరు గనుక! మీరెంత కొడితె లైను గంత పెరుగుతాంది. పాపం ఒక్క మిషిన్, ఎందరికని జవాబు చెప్తది? చేతులు తియ్యుండ్రి! ఒకల ఎనుక ఒకలం పోదాం!”

“ముందుగాల నువ్వు తియ్యి,” అనెను ఎల్లస్వామి.

ఆమె క్షణమాలోచించి, చేతులెత్తెను. ఎల్లస్వామి ఎత్తెను, ఒకరి వెంట ఒకరుగా మిగిలినవారును ఎత్తిరి. నిశ్శబ్దము. అయినను తెరలు పలుకలేదు.

అద్దాల గదిలో నుండి ల్యాబ్ అసిస్టెంట్ సుశీల తల బయటపెట్టి, “మీరంత ఖాళీగనే ఉన్నరు గని, ఆనందరావు సార్ పేరు మీద ఏదో నడుస్తాంది. మిషిన్ బలమంత అదే గుంజుకుంటాంది!” అని ప్రకటించెను.

ఆనందరావు కంప్యూటర్ విభాగాధిపతి. ఆయన రహస్యపదము ఆయన ధర్మపత్ని కృపమ్మ నామధేయమేయని సకల జనులకు విదితము. సర్వనేత్రములు ఎల్లస్వామిపై వాలెను.

“నేను గాదు! మా అవ్వ తోడు!”

“మరి సార్ పేరుతోని ఆట ఆడింది ఎవలు?” అనెను గౌసియా.

“గది పోయిన వారం!”

చోరుడెవడో తేల్పించుటకు గౌసియా నడవాలు దాటి, విభాగాధిపతి గది తలుపు తోసెను. లోపల ఆనందరావు తన సొంత తెరకు ముఖమానించి యుండెను. టిఫిన్ డబ్బా మూత ఇంకను తెరువబడలేదు.

“సార్, మీ పాస్‌వర్డు ఎవలో దొంగిలించిన్రు సార్, మీ పేరు మీద...”

వాక్యము మధ్యలోనే ఆమెకు తెరపై చదరంగము కనబడెను. ఆమె చూచుటను ఆయన చూచెను.

“దొంగలెవరు లేరమ్మా,” అనెను ఆ పెద్దమనిషి మెల్లగా. “మధ్యాహ్నం నుంచి దీనితోని ఆడుతున్న. నా మంత్రిని తిన్నది. ఇప్పుడు ఆలోచిస్తాంది. ఒక్క ఎత్తు ఆగు.”

“అది ఆలోచించినంతసేపు మేమంత ఆగవడితిమి సార్. రేపు నా పరీక్ష.” ఆమె తెరను పరికించెను. కోపము రావలసిన చోట జాలి కలిగెను. “మీ రాజుకు పోను తావు గూడ లేదు సార్.”

“నాకూ తెలుసు. ఓడిన అని ఒప్పుకునేటందుకు మనసొస్తలేదు.”

దీర్ఘముగా నిట్టూర్చి, ఆయన ఓటమినంగీకరించు మీట నొక్కెను.

“గౌసియా, ఈ సంగతి...”

“ఏ సంగతి సార్?” అనెను ఆ ఉదారచరిత. గడప దాటబోవుచు ఆగి, “పాస్‌వర్డు మాత్రం జర మార్చుండ్రి. క్యాంటీన్ల గూడ తెలుసు,” అనెను.

ఆమె తిరిగివచ్చునప్పటికి తెరలన్నిటిపై పచ్చని అక్షరములు ఏరువలె ప్రవహించుచుండెను. తన తెరపై యంత్రము ఎట్టకేలకు ఇచ్చిన ప్రత్యుత్తరమును ఆమె శ్వాస బిగబట్టి చదివెను. ప్రోగ్రాములో ఒకచోట కామా లేదట!

“తప్పొచ్చింది!” అని ఆమె ఆనందముతో కేకవేసెను. “నా తప్పు నాకొచ్చింది!”

ఎల్లస్వామి ఈలవేసెను. సుశీల చప్పట్లు చరచెను. తలుపులు మూయుటకు ఇంకను వ్యవధి యుండెను. కామా పెట్టుటకు అది చాలును. దిక్కులారా వినుడు! ఓరుగల్లు కంప్యూటర్ సంగ్రామమున, తన తప్పేదో తాను తెలిసికొను భాగ్యమును సాధించి, గౌసియా బేగం జయించెను!